ముందు సూది, తరువాత విచారణ

ఈసారి పోస్టు పొడవుగానే ఉంటుంది. తీరిక చూసుకుని చదవండి, కానీ సగంలో ఆపకండి. ఇంట్లో కోడలో, కూతురో, చెల్లెలో కడుపుతో ఉంటే వాళ్లకు కూడా చదివి వినిపించండి. మగవాళ్లు తప్పకుండా చదవండి. ఇది ఆడవాళ్ల విషయమని పక్కన పెట్టేస్తారనే భయంతోనే ఇంత రాస్తున్నాం.

మా బడి చదువంతా తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దిద్దించినవి. నౌకరీ అంతా రైల్వే గుమాస్తాగిరీ. కాబట్టి పండితుల తెలుగు కోసం చూడకండి. మేము డాక్టర్లం కూడా కాము. కానీ రిజిస్టరులో ఏ గడి ఖాళీగా ఉందో పట్టుకోవడం మాత్రం మాకు వచ్చు. మనవాళ్ల గర్భిణుల కార్డుల్లో ఒక గడి ఖాళీగా ఉంటోంది. ఆ గడి గురించే ఈ గొడవంతా.

ఆ గడి సిఫిలిస్ పరీక్షది. కొన్ని కాగితాల్లో వీడీఆర్‌ఎల్ అనో, ఆర్‌పీఆర్ అనో ఉంటుంది. మన పెద్దవాళ్లు దీన్ని సవాయి రోగం అనేవాళ్లు. కొంచెం మర్యాదగా చెప్పాలంటే సుఖరోగం అనేవాళ్లు. మన సంఘం ఆరోగ్య శిబిరానికి పరీక్షల జాబితా తయారు చేస్తున్నప్పుడు షుగరు, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ అన్నిటినీ ఒప్పుకున్నారు. గర్భిణులకు సిఫిలిస్ పరీక్ష కూడా పెట్టండి అని మేము అనగానే గదిలో నిశ్శబ్దం. తరువాత ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన "అలాంటివి మన కుటుంబాల్లో ఉండవండీ" అన్నాడు, మరొకాయన "ఆడవాళ్ల ముందు ఈ మాటలేంటి" అన్నాడు. పేరు జాబితాలోంచి కొట్టేశారు. ఆ నవ్వుకు, ఆ రెండు మాటలకు జవాబుగా ఇది రాస్తున్నాం.

మొదట రోగం సంగతి

సిఫిలిస్ ఒక క్రిమి వల్ల వచ్చేది. మరమేకులాగా మెలి తిరిగి ఉండే సన్నటి క్రిమి. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. ముందు ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. ఆడవాళ్లలో అది లోపలెక్కడో ఉంటే కంటికి కూడా కనపడదు. కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. తరువాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు రావచ్చు. అవీ పోతాయి. ఆ పైన ఏళ్ల తరబడి బయటికి ఏమీ ఉండదు. మనిషి తిరుగుతుంది, వండుతుంది, పొలానికి పోతుంది, కడుపు పండుతుంది. రోగం ఉందని ఆమెకే తెలియదు. రక్తపరీక్ష ఒక్కదానికే తెలుస్తుంది.

కడుపుతో ఉన్నప్పుడు ఆ క్రిమి మాయను దాటి బిడ్డలోకి పోతుంది. వైద్యం అందకపోతే అలాంటి కడుపుల్లో సగానికి పైగా ఏదో ఒక నష్టంతోనే ముగుస్తాయి. గర్భం నిలవకపోవచ్చు. నెలలు నిండిన బిడ్డ చచ్చి పుట్టవచ్చు. నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. పుట్టిన బిడ్డ కొద్ది రోజుల్లో పోవచ్చు. బతికిన బిడ్డకు ముక్కు నుంచి ఆగకుండా కారడం, అరచేతుల్లో అరికాళ్లలో చర్మం ఊడడం, కామెర్లు, రక్తహీనత, కాలేయం ప్లీహం ఉబ్బడం, ఎముకల నొప్పితో చెయ్యో కాలో కదపలేకపోవడం ఇవన్నీ వస్తాయి. కొందరు పిల్లలు పుట్టినప్పుడు బంగారు బొమ్మల్లా ఉంటారు. వారాల తరువాతో, నెలల తరువాతో బయటపడుతుంది. ఇంకొందరికి ఏళ్లు గడిచాక పళ్లు వంకర రావడం, కంటిచూపు మసకబారడం, చెవుడు. అప్పుడు మనం కర్మ అంటాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో సుమారు 7 లక్షల కడుపుల్లో బిడ్డకు ఈ రోగం అంటింది. అందులో లక్షన్నర దాకా గర్భంలోనే పోవడమో, చచ్చి పుట్టడమో జరిగింది. పుట్టాక పోయిన పసికందులు మరో 70 వేల దాకా. ఇవి మందు లేని రోగం లెక్కలు కావు. 1943లోనే పెన్సిలిన్‌తో ఇది నయమవుతుందని తేలింది. అంటే మనలో చాలామంది పుట్టక ముందే మందు దొరికింది. ఆ మందు ఇప్పటికీ పనిచేస్తోంది. ఎనభై ఏళ్లు దాటినా ఈ క్రిమికి పెన్సిలిన్‌ను ఎదిరించే బలం రాలేదు.

బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, పిరుదు కండలోకి సూది. రోగం ఈ మధ్యనే అంటిందని తెలిస్తే ఒకసారి. ఎప్పుడు అంటిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. సర్కారీ దవాఖానాలో ఉచితం. కాన్పుకు కనీసం 30 రోజుల ముందు వైద్యం మొదలై, పూర్తి వరస పడితే బిడ్డను కాపాడుకోవచ్చు. ఎంత ముందు వేస్తే అంత మేలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

"మన కుటుంబాల్లో ఉండవు" అన్న మాట

ఈ మాట కొత్తది కాదు. అయిదు వందల ఏళ్ల నాటిది. ఈ రోగం ఐరోపాలో పాకినప్పుడు ఫ్రాన్సు వాళ్లు దీన్ని నేపుల్సు రోగం అన్నారు. ఇటలీ వాళ్లు ఫ్రెంచి రోగం అన్నారు. రష్యా వాళ్లు పోలండు రోగం అన్నారు. మన దేశానికి వచ్చాక పదహారో శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశంలో దీని పేరు ఫిరంగ రోగం. మేము చదువుకున్న తమిళంలో పరంగిప్పుణ్. అంటే పరంగివాడి పుండు, తెల్లవాడు తెచ్చిన పుండు. ప్రతి భాషా పక్కవాడి పేరే పెట్టింది. తన పేరు పెట్టుకున్న జాతి ఒక్కటీ లేదు.

ఇప్పుడు మనమూ అదే పని చేస్తున్నాం. లారీ డ్రైవర్లకు ఉంటుంది అంటాం. గనుల్లో కాంట్రాక్టు కూలీలకు ఉంటుంది అంటాం. మిరపకాయలు కోయడానికి వెళ్లే వాళ్లకు ఉంటుంది అంటాం. మనం ఎక్కడి నుంచి వచ్చామో మరిచిపోయామా? ఈ చంద్రపూర్ జిల్లాలో తెలుగువాళ్లు ఎక్కువమంది గనుల కోసం, కాగితం మిల్లు కోసం, రైలు కోసం, సిమెంటు కోసం వచ్చినవాళ్లే. మనమంతా దూరపు కూలికి వచ్చిన జనమే. పొట్టకూటికి ఊరు దాటినవాణ్ణి అనుమానించే హక్కు మనకెక్కడిది?

పేదదేశపు రోగం అనుకునే వాళ్లకు ఇంకో మాట. అమెరికాలో 2022లో 3,700కు పైగా పసిపిల్లలు ఈ రోగంతో పుట్టారు. పదేళ్ల ముందుతో పోలిస్తే పది రెట్లు. వాటిలో పదింట తొమ్మిది వేళకు పరీక్ష, వైద్యం ఉంటే ఆపగలిగేవే అని వాళ్ల ప్రభుత్వ సంస్థే చెప్పింది. అంత డబ్బు, అన్ని ఆస్పత్రులు ఉన్న దేశంలో పరీక్ష తప్పితే ఇలా జరిగింది. మన కాలనీ గేటు దగ్గర రోగం ఆగిపోతుందా?

మన పక్కనే జరిగిన సంగతి కూడా గుర్తుచేస్తాం. 1982 దాకా గడ్చిరోలి మన చంద్రపూర్ జిల్లాలోని భాగమే. అక్కడ డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్ష చేశారు. ఆ ఫలితాలు 1989లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. వందకు 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన వ్యాధి ఉంది. అంతకుముందు ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు వందకు 8 మందే. ఆ 92 మందికీ సిఫిలిస్ అని మేము అనడం లేదు. అన్నిరకాల ఇన్ఫెక్షన్లు, నెలసరి ఇబ్బందులు కలిపిన లెక్క అది. కానీ ఆ ఊళ్ల పెద్దలను ముందుగా అడిగి ఉంటే ఏమనేవాళ్లు? "మా ఆడవాళ్లకు ఏమీ లేదు" అనే అనేవాళ్లు. ఎవరూ అడగలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నారు. "మన కుటుంబాల్లో ఉండవు" అన్నాయన దగ్గర ఉన్న రుజువు కూడా అంతే. ఆయన ఎవరినీ అడగలేదు.

రక్తదాన శిబిరం సంగతి

మన సంఘం రక్తదాన శిబిరం గురించి ఎంత గర్వంగా చెప్పుకుంటామో అందరికీ తెలుసు. బ్యానరు, ఫొటోలు, సర్టిఫికెట్లు. మంచి పనే. కానీ ఒక్క సంగతి చాలామందికి తెలియదు. మనం ఇచ్చే ప్రతి రక్తపు సంచికీ చట్టప్రకారం అయిదు పరీక్షలు చేస్తారు. హెచ్ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, మలేరియా, సిఫిలిస్. అవును, సిఫిలిస్. అధ్యక్షుడు ఇచ్చిన రక్తానికీ చేస్తారు, కోశాధికారి రక్తానికీ చేస్తారు, "మన కుటుంబాల్లో ఉండవు" అన్నాయన రక్తానికీ చేస్తారు. ఎవరి పరువూ పోలేదు. ఎవరి కాపురమూ కూలలేదు.

ముక్కూమొహం తెలియని రోగికి ఎక్కించే రక్తాన్ని పరీక్ష చేయడం ధర్మం అయితే, తొమ్మిది నెలలు మన బిడ్డను పోషించే రక్తాన్ని పరీక్ష చేయడం అవమానం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు కమిటీలో ఎవరైనా జవాబు చెప్పండి. జవాబు దొరికేదాకా మేము ఈ మాట వదలం.

మృతవత్స అనే ముద్ర

మన ఇళ్లలో ఒక మాట ఉంది. బిడ్డలు పుట్టి పోతున్న తల్లిని మృతవత్స అంటారు. ఒకటి పోతే దిష్టి అంటారు. రెండోది పోతే నాగదోషం అంటారు. మూడోది పోతే జాతకాలు తిరగేస్తారు, పూజలు చేయిస్తారు, చెట్టు చుట్టూ తిప్పుతారు, ఉపవాసాలు పెట్టిస్తారు. కొన్ని ఇళ్లలో కొడుక్కి మళ్లీ సంబంధాలు చూడడం మొదలవుతుంది. ఇంత జరిగాక కూడా ఆ తల్లి రక్తం ఒక్క చుక్క పరీక్షకు పోదు. తండ్రి రక్తం సంగతి అడగనే అక్కర్లేదు.

పూజలు మానమని మేము అనం. చైత్రంలో మహాకాళి జాతరకు మేమూ పోతాం. బిడ్డలు పోవడానికి కారణాలు చాలా ఉంటాయి. షుగరు, రక్తపోటు, రక్తహీనత, ఇంకా ఎన్నో. ప్రతి చావూ సిఫిలిస్ వల్లే అని చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ వెతికితే దొరికే కారణాల్లో ఇదొకటి. అన్నిటికన్నా తేలిగ్గా నయమయ్యేదీ ఇదే. అమ్మవారికి మొక్కుకోండి, ఆ దారిలోనే రక్తపరీక్ష చేయించుకోండి. అమ్మవారు కోప్పడదు.

తల్లి నుంచి బిడ్డకు, మరి తల్లికి ఎవరి నుంచి?

డాక్టర్ల భాషలో దీన్ని తల్లి నుంచి బిడ్డకు సంక్రమణ అంటారు. వైద్యం లెక్కలో అది సరైన మాటే. కానీ మన ఇళ్లలో ఆ మాట పడితే వెంటనే నేరం తల్లి మీద పడుతుంది. "తల్లి వల్ల వచ్చింది" అంటారు. ఆమెకు ఎవరి వల్ల వచ్చిందో అడిగేవాడు ఉండడు. మన వైపు చాలామంది స్త్రీలకు భర్త తప్ప వేరే మగవాడు తెలియదు. అది అందరికీ తెలిసినా కాగితం మీద పాజిటివ్ అని వచ్చినరోజు ఆమెనే పుట్టింటికి తోలేస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వేలిమీద గుచ్చి చేసే త్వరిత పరీక్ష ఒకసారి పాజిటివ్ అయితే మందు తీసుకుని నయమైపోయాక కూడా చాలామందికి జీవితాంతం పాజిటివ్ గానే చూపిస్తుంది. అందుకే దానిమీద ఇంకో పరీక్ష చేసి, ఇప్పుడు రోగం ఉందా, పాతదా అని డాక్టరు తేలుస్తాడు. పాజిటివ్ అన్న ఒక్క ముక్క పట్టుకుని తీర్పులు చెప్పే అత్తమామలు, ఆడబిడ్డలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. అది రోగాన్ని వెతికే పరీక్ష. శీలపరీక్ష కాదు. సీతమ్మను ఒకసారి నిప్పుల్లో దూకించినది చాలు.

మేము రైల్వేలో నేర్చుకున్న పాఠం ఒకటి చెబుతాం. ఎక్కడైనా బండి పట్టాలు తప్పిందని కబురు రాగానే సైరన్ మోగుతుంది. మొదట కదిలేది రిలీఫ్ రైలు, డాక్టర్లున్న బండి. గాయపడ్డవాళ్లను బయటికి తీస్తారు. తప్పు డ్రైవరుదా, స్టేషన్ మాస్టరుదా, పట్టాలదా అన్న విచారణ తరువాత. విచారణ పూర్తయ్యాకే గాయాలకు కట్టు కడతాం అన్న అధికారిని ఈ దేశంలో ఎవరూ చూడలేదు. మన ఇళ్లలో మాత్రం విచారణే ముందు. ఎవడివల్ల వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఎక్కడ తిరిగింది. ఈలోపు వారాలు గడిచిపోతాయి. లోపల ఉన్న బిడ్డ విచారణ నివేదిక కోసం ఆగదు. ముందు సూది వెయ్యండి. విచారణ తరువాత చేసుకోండి. చేసుకోకపోయినా నష్టం లేదు.

భర్తలకు ఒక మాట. భార్యకు వైద్యం చేసి భర్తను వదిలేస్తే రోగం మళ్లీ ఆమెకు అంటుతుంది. ఒకసారి వచ్చి పోతే మళ్లీ రాదు అనే రకం రోగం కాదిది. కాబట్టి భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి, సూది వేయించుకోవాలి, ఇద్దరి వైద్యం అయ్యేదాకా దూరంగా ఉండాలి. ఏ డాక్టరూ మీ పాత కథలు తవ్వడు. సావిత్రి మొగుడి ప్రాణం కోసం యముడి వెంట నడిచిందని వ్రతాలు చేయిస్తాం కదా. బిడ్డ ప్రాణం కోసం దవాఖానా బెంచీ మీద అరగంట కూర్చోలేని మగవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

సూదంటే భయం

కొందరు మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే ఇంకో మాట అంటారు. పెన్సిలిన్ పడకపోతే ప్రాణం పోతుందట కదా, గర్భిణికి ఎందుకండీ ఆ ప్రమాదం అని. కొన్నిచోట్ల దవాఖానా వాళ్లే భయపడి వేరే ఊరికి పొమ్మని రాసేస్తారు. పెన్సిలిన్ పడకపోవడం అనేది ఉంది, మేము కాదనం. కానీ ప్రాణం మీదకు వచ్చేంత రియాక్షన్ చాలా అరుదు. దానికి విరుగుడు మందు దగ్గర పెట్టుకుని, సూది వేశాక కాసేపు కూర్చోబెట్టి చూస్తే సరిపోతుంది. పెన్సిలిన్ నిజంగా పడనివాళ్లను పెద్దాస్పత్రిలో చేర్చి, కొద్దికొద్దిగా అలవాటు చేసి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇటువైపు అరుదైన రియాక్షన్, అటువైపు సగానికి పైగా కడుపుల్లో నష్టం. లెక్క వచ్చినవాళ్లు ఎటు మొగ్గుతారో చెప్పండి.

మొదటి సూది పడిన రోజు కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. క్రిములు చచ్చేటప్పుడు వచ్చేది అది. దానికి భయపడి తక్కిన సూదులు మానకండి. నొప్పులు వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే దవాఖానాకు పోండి.

సూది బదులు మాత్రలు ఇవ్వండి అని అడిగేవాళ్లూ ఉన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందులు మన తెలుగువాడికి గర్వకారణం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే ఆ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. కానీ గర్భిణులకు ఆ మందులు పనికిరావు, బిడ్డకు చెరుపు చేస్తాయి. వేరే కొన్ని మాత్రలు తల్లికి పనిచేసినా మాయను దాటి బిడ్డకు సరిగ్గా అందవు. గర్భిణికి, కడుపులో బిడ్డకు కలిపి నమ్మకంగా పనిచేసే మందు పెన్సిలిన్ ఒక్కటే. మెడికల్ షాపులో కుర్రాడు ఇచ్చిన మాత్రలు మింగి నయమైపోయిందని అనుకోవద్దు.

ఆ పెన్సిలిన్ కూడా ఏ పరాయిదేశపు వింతో కాదు. మన మహారాష్ట్రలోనే, పుణె పక్కన పింప్రిలో, 1954లో హిందుస్తాన్ యాంటీబయోటిక్స్ అనే సర్కారీ కర్మాగారం పెట్టింది పెన్సిలిన్ కోసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సాయం చేశాయి. తరువాత ఏళ్లలో ముడిసరుకు కోసం దేశమంతా చైనా వైపు చూసే గతి పట్టింది. ఇప్పుడు మళ్లీ మన కాకినాడ దగ్గర పెన్సిలిన్ జి కర్మాగారం వచ్చింది. ఉంటున్న రాష్ట్రంలోనూ, మన భాష రాష్ట్రంలోనూ తయారైన మందు మన బిడ్డకు అందకపోతే అది ఎవరి సిగ్గు?

పుట్టింటి కాన్పు, పోయిన కాగితాలు

మనలాంటి సరిహద్దు జనానికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో శ్రీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి పంపుతాం. బల్లార్షాలో బండెక్కితే సిర్పూర్ కాగజ్‌నగర్, మంచిర్యాల, కాజీపేట, ఇంకా దూరమైతే విజయవాడ, చెన్నై. చీరలు, గాజులు, పసుపు కుంకుమ అన్నీ సూట్‌కేసులో పెడతాం. దవాఖానా కాగితాలు ఇక్కడి బీరువాలో ఉండిపోతాయి. అక్కడి నర్సు అడిగితే "అన్నీ నార్మల్ అన్నారు" అని నోటితో చెబుతాం.

మూడు సూదుల్లో ఒకటి పడి, రెండోదానికి ముందే బండెక్కేస్తే? గర్భిణికి వరస తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయాల్సి వస్తుంది. ఇక్కడి రిజిస్టరులో "రాలేదు" అని రాస్తారు, అక్కడి రిజిస్టరులో ఆమె పేరే ఉండదు. రెండు రాష్ట్రాల మధ్య బిడ్డ జారిపోతుంది. మిరప కోతలకు తెలంగాణ వైపు వెళ్లే మన చుట్టుపక్కల ఆడవాళ్ల పరిస్థితి కూడా ఇంతే. చిన్న పార్సెల్ పంపాలంటే కూడా వెంట రసీదు ఉండాలి. కడుపులో ప్రాణంతో ప్రయాణం చేసే మనిషికి ఒక కార్డు వెంట ఉండొద్దా?

ఇది సర్కారు పని కదా?

అవును, సర్కారు పనే. గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలన్నది సర్కారు నియమమే. పుట్టుకతో వచ్చే సిఫిలిస్‌ను నిర్మూలించడానికి జాతీయ మార్గదర్శకాలు 2015లోనే ఇచ్చారు. ప్రతి నెల 9వ తేదీన సర్కారీ దవాఖానాల్లో గర్భిణులకు ఉచిత పరీక్షల రోజు 2016 నుంచి ఉంది. హెచ్ఐవి, సిఫిలిస్ రెండూ ఒకే వేలిచుక్కతో చూసే పరీక్ష కూడా వచ్చింది. మేము చూసిన కొన్ని కార్డుల్లో హెచ్ఐవి గడి నిండి ఉంది, పక్కనే సిఫిలిస్ గడి ఖాళీ. కిట్టు లేకపోవచ్చు, తీరిక లేకపోవచ్చు. కానీ అడిగేవాడు లేకపోతే ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది. నలభై ఏళ్ల గుమాస్తాగిరీలో మేము నేర్చుకున్నది అదొక్కటే.

సాధ్యం కాదనే వాళ్లకు చెబుతాం. క్యూబా 2015లో, థాయిలాండ్ 2016లో, శ్రీలంక 2019లో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవి, సిఫిలిస్ పోకుండా ఆపగలిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. శ్రీలంక ఎక్కడో లేదు. రామేశ్వరం ఒడ్డు దాటితే వచ్చేస్తుంది. వాళ్ల దగ్గర ఉన్న మంత్రం ఏమీ లేదు. ప్రతి గర్భిణికీ పరీక్ష, పాజిటివ్ అయితే వెంటనే సూది, భర్తకూ సూది, బిడ్డ మీద కన్ను. అంతే.

మేము అడుగుతున్నవి

ఒకటి. శిబిరం జాబితాలో కొట్టేసిన ఆ పేరు మళ్లీ చేర్చండి. పేరు నోట పలకలేకపోతే "గర్భిణి పూర్తి రక్తపరీక్ష" అని రాయండి. ఫలితం ఆ మనిషికి మాత్రమే, డాక్టరు నోట, మూసిన గదిలో చెప్పాలి. అత్తకు కాదు, వదినకు కాదు, కమిటీకి అసలే కాదు.

రెండు. మూడు నెలలు నిండకముందే మొదటి పరీక్ష. ఆలస్యమైతే తెలిసిన రోజే. అదీ తప్పితే కాన్పు రోజైనా చేయించండి. తల్లి వైద్యం ఆలస్యమైనా బిడ్డకు పుట్టగానే పరీక్ష చేసి పెన్సిలిన్ ఇవ్వవచ్చు. ఆలస్యమైందని వదిలెయ్యకండి.

మూడు. దవాఖానాకు భార్యతో భర్త కూడా రావాలి. భర్తలను తీసుకొచ్చే బాధ్యత మా రిటైరైన వాళ్లకు అప్పగించండి. పొద్దున్నుంచి చెట్టు కింద కూర్చుని రాజకీయాలు మాట్లాడుకునే బదులు ఆ పని చేస్తాం.

నాలుగు. సర్కారీ దవాఖానాలో కిట్టుగానీ, ఇంజెక్షన్‌గానీ లేదంటే ఆ సంగతి తారీఖుతో సహా సంఘానికి చెప్పండి. మేము అర్జీ రాస్తాం. మరాఠీలో, హిందీలో, ఇంగ్లీషులో, ఏ భాషలో కావాలంటే ఆ భాషలో రాస్తాం. మా చేతికి వచ్చిన విద్య అదొక్కటే, అది ఇంకా తుప్పు పట్టలేదు.

అయిదు. ఎవరికైనా పాజిటివ్ వచ్చిందని తెలిస్తే నోరు మూసుకోవడం కూడా సేవే అని గుర్తుపెట్టుకోండి. ఆ కబురును ఇంకో ఇంటికి మోసినవాడు రోగాన్ని మోసినవాడికన్నా తక్కువ కాదు.

కామెంట్లలో మమ్మల్ని తిట్టేవాళ్లు తిట్టండి. పెద్దమనిషి అయ్యుండి ఈ వయసులో ఇవేం రాతలు అనేవాళ్లు అనండి. అరవై దాటినవాళ్లం మేము సిగ్గుపడి ఊరుకుంటే పాతికేళ్ల కోడలు ఎలా నోరు తెరుస్తుంది? ముందు మా సిగ్గు పోవాలి, అప్పుడే ఆమె భయం పోతుంది.

ఈసారి ఎవరి ఇంటికైనా శ్రీమంతానికి వెళ్తే గాజులు తొడిగి, పళ్లు ఒళ్లో పెట్టి, అక్షింతలు వేసి, మెల్లగా ఒక్క మాట అడగండి. "అమ్మా, కార్డు సంచిలో పెట్టుకున్నావా? గడులన్నీ నిండాయా?" ఇంతకన్నా పెద్ద ఆశీర్వాదం మాకు తెలియదు.